సరిహద్దులు ఎలా మారాయో చెప్పడానికి ఏ మ్యాప్ మంచిది? ఆరు రకాల పోలిక

యుద్ధాలు, సామ్రాజ్యాలు దేశాల సరిహద్దుల్ని ఎలా మార్చాయో చెప్పాలంటే మ్యాప్ ఉండాలని అందరికీ తెలుసు. ఏ మ్యాప్ అన్న దగ్గరే సోషల్ టీచర్లు, ఇంట్లో పిల్లలకు చెప్పే తల్లిదండ్రులు ఆగిపోతారు. గోడకు వేలాడే పెద్ద పటం, అట్లాసులో వరుసగా వచ్చే పటాలు, పిల్లలే ట్రేసింగ్ పేపర్ మీద గీసేవి, యూట్యూబ్‌లో కదిలే మ్యాపులు, సంవత్సరాన్ని ముందుకీ వెనక్కీ జరిపి చూసే ఆన్‌లైన్ పటాలు, ఆ కాలంలోనే గీసిన పాత పటాలు. ఈ ఆరూ దొరుకుతాయి, ఆరింటికీ మెచ్చుకునేవాళ్లున్నారు. కానీ ఇవన్నీ ఒకే పాఠం చెప్పవు.

వీటిని పోల్చడానికి రెండు చరిత్రల్ని గీటురాయిగా పెట్టుకుందాం.

మొదటిది పోలండ్. 1772లో రష్యా, ప్రష్యా (అప్పటి ఒక జర్మన్ రాజ్యం), ఆస్ట్రియా కలిసి ఆ దేశంలో దాదాపు మూడో వంతు నేలను పంచుకున్నాయి. 1793లో రష్యా, ప్రష్యా ఇంకొంత తీసుకున్నాయి. 1795లో మూడూ కలిసి మిగిలినదంతా తీసేసుకున్నాయి. అక్కడి నుంచి 123 ఏళ్లు యూరప్‌లో స్వతంత్ర పోలండ్ లేదు. 1918లో మళ్లీ నిలబడింది. 1939లో జర్మనీ, సోవియట్ యూనియన్ మళ్లీ పంచుకున్నాయి. 1945లో దేశమే పడమటికి జరిగింది: తూర్పున సుమారు 1,80,000 చదరపు కిలోమీటర్లు పోయి, జర్మనీ వైపు సుమారు 1,00,000 చదరపు కిలోమీటర్లు వచ్చి చేరాయి.

రెండోది మన ఉత్తర సర్కారులు, అంటే కోస్తాలో అప్పటి పాలనా ప్రాంతాలు: శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. ఇది దేశాల మధ్య సరిహద్దు కాదు కదా అనవచ్చు. అయినా సామ్రాజ్యాలు గీతల్ని ఎలా జరుపుతాయో మన పిల్లలకు తెలిసిన ఊళ్ల పేర్లతో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

## ముందు ఏమేం చూడాలి

మొదటి ప్రశ్న: పటాలన్నీ ఒకే కొలతలో, ఒకే నేలను చూపిస్తున్నాయా? మార్పు తెలియాలంటే మారనిది కదలకుండా ఉండాలి. ఒక పటంలో యూరప్ మొత్తం, ఇంకోదాంట్లో దాని తూర్పు భాగమే ఉంటే, దేశం పెరిగిందో పటం పెద్దదయిందో పిల్లలకు తేలదు.

రెండోది అన్నిటికంటే ముఖ్యం. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆ గీత ఎలాంటి గీత? సైన్యం ఆగిన చోటా, సంధిలో రాసుకున్న హద్దా, లేక ఒకరు తనదని చెప్పుకుంటున్నదా? మ్యాప్‌లో ఈ మూడూ ఒకేలాంటి నల్లగీతగా కనిపిస్తాయి.

సర్కారుల్నే చూడండి. 1753లో నిజాం సలాబత్ జంగ్, ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం జీతాల కోసం నాలుగు సర్కారుల్ని ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1765లో వాళ్లు మొఘల్ చక్రవర్తి దగ్గర ఫర్మానా (అధికార పత్రం) తెచ్చుకున్నారు. 1766లో, మళ్లీ 1768లో నిజాం అలీతో ఒప్పందాలు చేసుకుని ఏటా డబ్బు కడతామన్నారు. గుంటూరు మాత్రం 1788 దాకా చేతికి రాలేదు. ఏటా కట్టే ఆ డబ్బు బాధ్యతను 1823లో పెద్ద మొత్తం ఇచ్చి తెగ్గొట్టుకున్నారు. ఇంతకీ సర్కారులకు బ్రిటిష్ రంగు ఏ సంవత్సరంలో వేయాలి? 1759, 1765, 1766, 1788, 1823లో దేన్ని చెప్పినా వాదించడానికి ఆధారం ఉంది. ఈ ప్రశ్న పిల్లల నోటి నుంచి వచ్చేలా చేసే మ్యాపే మంచి మ్యాప్ అని నా అభిప్రాయం.

మూడోది, గీత ఎందుకు జరిగిందో పటం చెబుతుందా అన్నది. నాలుగోది మనుషులు: హద్దు మారినప్పుడు అక్కడున్నవాళ్లు ఏమయ్యారో ఏమైనా తెలుస్తుందా?

తర్వాత మామూలు ఇబ్బందులున్నాయి. పీరియడ్ నలభై, నలభై అయిదు నిమిషాలే. కరెంటు ఉండాలి. పేర్లు తెలుగులో ఉంటే బాగుంటుంది. డబ్బు సంగతి సరేసరి.

## ఒక్క చూపులో

| రకం | మార్పు కనిపిస్తుందా | కారణం తెలుస్తుందా | గీతలో తేడాలు | తెలుగు పేర్లు | ఏం కావాలి |
|---|---|---|---|---|---|
| గోడ మ్యాప్ | లేదు, ఒక్క కాలమే | లేదు | దాదాపు లేవు | దొరుకుతాయి | ఒక్కసారి కొంటే చాలు |
| అట్లాసు వరుస పటాలు | బాగా | కొంత | పుస్తకాన్ని బట్టి | తక్కువ | అట్లాసు లేదా జిరాక్సులు |
| ట్రేసింగ్ పేపర్ | చాలా బాగా | టీచర్ చెబితే బాగా | మనమే చూపించుకోవచ్చు | మనమే రాసుకుంటాం | కాగితం, స్కెచ్ పెన్నులు, రెండు పీరియడ్లు |
| కదిలే వీడియో | కళ్లకు కట్టినట్టు | చాలా తక్కువ | లేవు | అరుదు | ప్రొజెక్టర్ లేదా ఫోన్ |
| ఆన్‌లైన్ పటం | బాగా | తక్కువ | కొన్నిచోట్ల | చాలా తక్కువ | నెట్, కంప్యూటర్ |
| పాత పటం | రెండు మూడు కలిపితేనే | బాగా, ముఖ్యంగా ఉద్దేశం | గీసినవాళ్ల దృష్టి తెలుస్తుంది | లేవు | ప్రింటు, టీచర్ సిద్ధపడే టైమ్ |

## గోడ మ్యాప్

దీని మేలు ఒక్కటే, అయినా చిన్నది కాదు: అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఏ ఊరు ఎక్కడుందో రోజూ చూసి చూసి అలవాటవుతుంది. ఈనాటి ప్రపంచ పటం గోడమీద ఉంటే, పాత పటం చూపించే ముందు "ఇప్పుడు ఎలా ఉందో వేలు పెట్టు" అనడానికి పనికొస్తుంది.

సరిహద్దుల మార్పు నేర్పడానికి మాత్రం ఒక్క గోడ మ్యాప్ మీద ఆధారపడకండి. అందులో ఉన్న హద్దు ఎప్పటినుంచో అలాగే ఉందనిపిస్తుంది. 1914 నాటి యూరప్ పటం వేలాడదీస్తే పోలండ్ కనిపించదు. కనిపించలేదంటే పోలిష్ జనం కూడా లేరని పిల్లవాడు అనుకుంటాడు. పాత సామ్రాజ్యాల పటాల్లో రంగులతో ఇంకో చిక్కు. 1909 నాటి ఇండియా పటంలో బ్రిటిష్ ప్రాంతాలకు గులాబీ రంగు, సంస్థానాలకు పసుపు వేశారు. ఆ పసుపు చూసి హైదరాబాద్ పూర్తిగా వేరే దేశమనుకోవడం తేలిక. కానీ అప్పటికే నిజాం రాజధానిలో బ్రిటిష్ రెసిడెంట్ (కంపెనీ, తర్వాత ప్రభుత్వం తరఫు ప్రతినిధి) ఉన్నాడు, నిజాం కింద ఉండే బీరారు ప్రాంతం చేజారింది. ఎవరి మాట చెల్లుతుందో రంగు చెప్పలేదు.

కొలత చిన్నదైతే చిన్నచిన్న ప్రాంతాలు మాయమవుతాయి. గోదావరి జిల్లాల మధ్యలో ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, ఇప్పటికీ పుదుచ్చేరిలో భాగం. గోడ మ్యాప్‌లో అదొక చుక్క, కొన్నిటిలో అదీ ఉండదు. 2015లో భారత్, బంగ్లాదేశ్ ఒకరి నేల మధ్యలో చిక్కుకున్న మరొకరి ముక్కల్ని మార్చుకున్నాయి. మనవి 111, వాళ్లవి 51. కూచ్ బిహార్ వైపు ఉన్న ఆ ముక్కల్లో పుట్టిపెరిగినవాళ్లకు ఆ హద్దు రోజూ తగిలేదే, గోడ మ్యాప్‌లో మాత్రం కనపడదు.

## అట్లాసులో వరుస పటాలు

చాలా తరగతులకు ఇది మంచి మొదలు. ఒక పేజీ తర్వాత ఇంకో పేజీ, ఆగి చూసుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. ఏ సంవత్సరాల పటాలు ఎంచుకుంటారన్న దాని మీదే అంతా ఉంటుంది.

యాభై ఏళ్లకొకటి చొప్పున తీసుకుంటే పోలండ్ కథ చెడిపోతుంది. 1750లో నిండుగా ఉన్న దేశం 1800లో అసలే ఉండదు. మధ్యలో జరిగిన మూడు పంపకాలూ, 1791 మే 3న పోలండ్ తెచ్చుకున్న రాజ్యాంగమూ, 1794లో సేనాని కొష్చుష్కో నడిపిన తిరుగుబాటూ ఆ రెండు పేజీల సందులో పడిపోతాయి. దేశం తనంతట తానే కూలిపోయిందనిపిస్తుంది. బాగుపడటానికి ప్రయత్నిస్తున్న దేశాన్ని పొరుగువాళ్లు పంచుకున్నారన్న సంగతి తెలియదు.

అందుకే పటాలు సంఘటనల్ని బట్టి ఎంచుకోవాలి. పోలండ్‌కు నేను పెట్టే వరుస: 1771, 1772, 1793, 1795, నెపోలియన్ ఏర్పరచిన చిన్న పోలిష్ రాజ్యం వార్సా డచీ పెరిగిన 1809, నెపోలియన్ ఓటమి తర్వాత యూరప్ హద్దుల్ని తిరిగి గీసిన వియన్నా సమావేశం ముగిసిన 1815, సోవియట్లతో రీగా సంధి జరిగిన 1921, 1939 సెప్టెంబరు చివర, 1945. అన్నిటికీ వీలు కాకపోతే 1771, 1795, 1815, 1921, 1945. ఈ అయిదింటి కంటే తగ్గిస్తే పాఠం కుంటుపడుతుంది. సర్కారుల విషయమూ అంతే. 1750కీ 1805కీ మధ్య ఇంకో పటం లేని అట్లాసు తీసుకుంటే ఫ్రెంచివాళ్లు అసలు వచ్చినట్టే ఉండదు.

కొనే ముందు స్కేలుతో ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు పేజీల్లో వార్సాకీ క్రాకోవ్‌కీ మధ్య దూరం కొలవండి. ఒకేలా రాకపోతే ఆ రెండు పటాల కొలత వేరు. అలాంటప్పుడు విస్తీర్ణాన్ని కంటితో పోల్చవద్దని పిల్లలకు చెప్పాలి, లేదా ఒకే కొలతకు వచ్చేలా జిరాక్స్ పెంచుకునో తగ్గించుకునో తీయించుకోవాలి. అట్లాసు ఖరీదైనదైతే స్కూలుకు ఒకటి కొని, కావాల్సిన పేజీల నకళ్లు బెంచీకొకటి ఇచ్చినా సరిపోతుంది.

## ట్రేసింగ్ పేపర్ మీద పిల్లల చేతి గీత

నాకు ఆరింటిలో ఎక్కువ నమ్మకం దీని మీదే. కారణం సూటిగా చెబుతాను: గీత గీయాలంటే ఎక్కడ గీయాలో తెలియాలి, అది తెలియాలంటే సంధిలో ఏం రాశారో చదవాలి.

ముందు ఒక అడుగు పటం తయారు చేయాలి. పోలండ్‌కైతే అందులో బాల్టిక్ తీరం, విస్తులా, ఓడర్, బగ్ నదులు, వార్సా, క్రాకోవ్, ల్వీవ్, విల్నియస్, గ్డాన్‌స్క్ నగరాలు ఉంటే చాలు. దేశాల హద్దులేవీ ఉండకూడదు. నదులూ ఊళ్లూ కదలవు కాబట్టి అవే ఆనవాళ్లు. తర్వాత క్లాసును గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో సంవత్సరం ఇవ్వాలి. ప్రతి గుంపూ అడుగు పటం మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, అట్లాసు చూసుకుంటూ తన సంవత్సరం హద్దును ఒక రంగులో గీయాలి. చివర అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి క్లిప్ చేసి, కిటికీకి ఆనించి వెలుతురులో చూడాలి.

ఇక్కడ ఒక నియమం పెట్టుకుంటే పాఠం బరువు పెరుగుతుంది. సంధిలో ఒప్పుకున్న హద్దుకు నిండు గీత. సైన్యం ఆగిన చోటుకు చుక్కల గీత. ఇద్దరి అధికారం కలిసి ఉన్న చోట గీతకు బదులు రెండు రంగుల చారలు. 1753 తర్వాతి సర్కారులకు చారలే సరైనవి. శిస్తు ఫ్రెంచివాళ్లది, పేరు నిజాంది, ఊళ్లలో రోజువారీ పెత్తనం జమీందార్లది. ఈ మాట టీచర్ నోటితో చెబితే పిల్లలు రాసుకుని వదిలేస్తారు. ఏ రంగు వేయాలో తేలక గుంపులో వాదించుకుంటే మర్చిపోరు.

కాగితాలు పేర్చాక ఒక్క ఊరి మీద వేలు పెట్టమనండి. ల్వీవ్ దీనికి బాగా నప్పుతుంది. 1772 దాకా పోలండ్. ఆ పంపకంలో ఆస్ట్రియాకు. 1918 నవంబరులో కొన్నాళ్లు పశ్చిమ ఉక్రెయిన్ రిపబ్లిక్, యుద్ధం తర్వాత పోలండ్. 1939లో సోవియట్ యూనియన్, 1941లో జర్మనీ, 1944లో మళ్లీ సోవియట్, 1991 నుంచి స్వతంత్ర ఉక్రెయిన్. 1910లో అక్కడ పుట్టి 1992 దాకా బతికిన మనిషి ఊరు వదలకుండానే ఇన్ని జెండాల కింద ఉండాల్సి వచ్చింది. అదే ఆటను మచిలీపట్నంతో ఆడించండి: 1687 దాకా గోల్కొండ, తర్వాత మొఘలులు, 1724 నుంచి నిజాం, 1750లో ఫ్రెంచి, 1759లో ఇంగ్లీషు. పాలకులు మారడం, మనుషులు అక్కడే ఉండిపోవడం పిల్లలకు దీంతో అర్థమవుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండు పీరియడ్లు కావాలి, సిలబస్ టెన్షన్ ఉన్న నెలలో అది చిన్న విషయం కాదు. గీతలు వంకరగా వస్తాయి, కాబట్టి విస్తీర్ణం లెక్కలకు ఈ పటాలు పనికిరావు. యాభై, అరవై మంది ఉన్న క్లాసులో గుంపుల్ని చూసుకోవడం కష్టం. అలాంటి చోట టీచరే నాలుగు పొరలు ముందుగా గీసి తెచ్చి, చివరి పొర మాత్రం పిల్లలతో గీయించవచ్చు. టెన్త్ పరీక్షల మ్యాప్ పాయింటింగ్‌కు చుక్క పెట్టడం అలవాటైన పిల్లలకు గీత గీయడం మొదట్లో భయంగా ఉంటుంది. మార్కులు వేయకపోతే ఆ భయం పోతుంది.

## కదిలే మ్యాపుల వీడియోలు

రంగులు పాకుతుంటే, దేశాలు ఉబ్బి చిక్కిపోతుంటే పిల్లలు రెప్ప వేయకుండా చూస్తారు. ఆసక్తి పుట్టించడానికి వీటిని మించింది లేదు. అయినా చరిత్రలో ఎప్పుడు ఏమైందన్న లెక్కను ఇవి పాడుచేస్తాయి.

ఏడాదికి ఒక సెకను చొప్పున నడిచే వీడియో అనుకోండి. మూడు పంపకాలూ ఇరవైమూడు సెకన్లలో అయిపోతాయి. పోలండ్ లేని కాలం రెండు నిమిషాలు. ఇక 1939 సెప్టెంబరు 1న జర్మనీ దాడి, 17న సోవియట్ సైన్యం ప్రవేశం, 28న రెండూ హద్దు ఒప్పందం మీద సంతకాలు పెట్టుకోవడం, ఇదంతా ఒక్క సెకనులో సగం కూడా కాదు. అంతకుముందు ఆగస్టు 23న ఆ రెండు దేశాల మధ్య జరిగిన రహస్య ఒప్పందానికి రంగే లేదు. కాబట్టి అది వీడియోలో ఉండదు. ఎక్కువ జరిగిన చోట వీడియో పరిగెడుతుంది, ఏమీ మారని చోట నింపాదిగా నడుస్తుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. రంగు దానంతటదే పాకినట్టు కనిపిస్తుంది. నిర్ణయం తీసుకున్నవాళ్లు ఎవరూ కనిపించరు. సామ్రాజ్యం పెరగడం వాన కురిసినంత సహజమనే భావన పిల్లల మనసులో పడుతుంది. దాన్ని తర్వాత తీసేయడం కష్టం.

వాడేటట్లయితే పాఠం మొదట్లో కాకుండా చివర చూపించండి, శబ్దం ఆపేసి. తాము కాగితం మీద గీసిన సంవత్సరాలు వచ్చినప్పుడు ఆపి, "ఇక్కడ ఏం జరిగింది, ఎవరు సంతకం పెట్టారు?" అని అడగండి. అప్పుడు వీడియో పునశ్చరణగా బాగా పనిచేస్తుంది.

## ఆన్‌లైన్ పటాలు

వీడియోకు లేని సౌకర్యం ఇక్కడుంది: కాలం మన చేతిలో ఉంటుంది. ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ లాంటి చోట్ల సంవత్సరాన్ని జరుపుతూ చూడవచ్చు, దగ్గరకు వెళ్లవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత పటాన్ని ఇప్పటి నేల మీద పరిచి, పారదర్శకంగా చేసి పోల్చవచ్చు. పై తరగతుల పిల్లలకు, సొంతంగా ప్రాజెక్టు చేసేవాళ్లకు ఇవి మంచివి.

స్వచ్ఛంద సేవకులు కలిసి గీసే పటాల్లో వివరం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మీకు కావాల్సిన ప్రాంతం, కావాల్సిన సంవత్సరం ఉందో లేదో ముందురోజే చూసుకోండి. సర్కారులను చూపిద్దామని క్లాసులో తెరిచాక అక్కడ ఖాళీ కనిపిస్తే పీరియడ్ పోయినట్టే. పేర్లన్నీ ఇంగ్లీషులోనో, ఆయా దేశాల భాషల్లోనో ఉంటాయి. తెలుగు మీడియం పిల్లల కోసం పక్కన ఒక పేర్ల పట్టీ పెట్టాలి.

భారతదేశం కనిపించే పటమైతే ఇంకో జాగ్రత్త. విదేశాల్లో తయారైన చాలా పటాలు జమ్మూ కశ్మీర్, అరుణాచల్ ప్రదేశ్ హద్దుల్ని మన సర్వే ఆఫ్ ఇండియా చూపినట్టు చూపవు. సర్వే ఆఫ్ ఇండియా పటాలకు భిన్నంగా భారతదేశ పటాన్ని ప్రచురిస్తే 1961 నాటి చట్టం ప్రకారం ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. స్కూలు మ్యాగజైన్‌లోనో, వెబ్‌సైట్‌లోనో, ఎగ్జిబిషన్ చార్టులోనో పెట్టే ముందు ఇప్పటి భారత హద్దును సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిచూసుకోండి. పెద్ద క్లాసుల్లో ఈ తేడానే పాఠం చేయవచ్చు. ఒకే గీతను మూడు దేశాలు మూడు రకాలుగా ఎందుకు చూపిస్తాయన్న ప్రశ్న ఈరోజుకీ తెగలేదు కదా.

## ఆ కాలంలో గీసిన పాత పటాలు

వీటికి టీచర్ కష్టపడాలి, ఫలితం మాత్రం గట్టిది. సరిహద్దును చూపించడం ఒకటైతే, సరిహద్దును తయారుచేయడానికి మ్యాప్ ఎలా పనికొచ్చిందో చూపించడం ఇంకొకటి. ఆ రెండోది పాత పటాలతోనే కుదురుతుంది.

మొదటి పంపకం జరిగిన కాలంలోనే ఒక చెక్కడపు బొమ్మ యూరప్‌లో బాగా తిరిగింది. అందులో రష్యా రాణి కేథరిన్, ఆస్ట్రియా జోసెఫ్, ప్రష్యా ఫ్రెడరిక్ బల్ల మీద పోలండ్ పటం పరుచుకుని ఎవరి ముక్కను వాళ్లు చూపించుకుంటుంటారు. పోలండ్ రాజు జారిపోతున్న కిరీటాన్ని చేత్తో పట్టుకుని ఉంటాడు. చదవడం సరిగా రాని పిల్లలకు కూడా ఈ బొమ్మ అర్థమవుతుంది. దీని పక్కన 1939 సెప్టెంబరు 28 నాటి పటాన్ని పెట్టండి. పోలండ్ మీద అడ్డంగా గీసిన హద్దు, పక్కన స్టాలిన్, జర్మనీ విదేశాంగ మంత్రి రిబెన్‌ట్రాప్ సంతకాలు. రెండింటి మధ్యా 160 ఏళ్లకు పైగా ఉంది, జరిగిన పని ఒకటే.

మ్యాప్‌తో ఎదురు వాదించినవాళ్లూ ఉన్నారు. పోలండ్ అనే దేశమే లేని 1916లో భూగోళ శాస్త్రవేత్త యూజెనియస్ రోమర్ పోలండ్ అట్లాసు తెచ్చాడు. ఏ ప్రాంతంలో ఎంతమంది పోలిష్ జనం ఉన్నారో లెక్కలతో చూపించాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పారిస్‌లో జరిగిన చర్చల్లో అది పోలండ్ పక్షాన పనికొచ్చింది. భాషల పటం, జనాభా పటం నిష్పాక్షికంగా ఉంటాయని మనం అనుకుంటాం. ఏ జనాభా లెక్క వాడారు, ఎంత శాతం దాటితే రంగు వేశారు, ఊళ్లను లెక్కపెట్టారా నేలనా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. రోమర్ పటం మీద జర్మన్లు వాదించింది ఇలాంటి వాటి గురించే.

మన దగ్గరకొస్తే, బెంగాల్ సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జేమ్స్ రెన్నెల్ 1782లో ప్రచురించిన హిందుస్థాన్ పటం డేవిడ్ రమ్‌సే సేకరణ లాంటి చోట్ల ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. అప్పటికి ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీ దగ్గర ఏముందో, నిజాం, మరాఠాలు, హైదర్ అలీ దగ్గర ఏముందో అందులో తెలుస్తుంది. గుంటూరు ఇంకా కంపెనీకి రాని కాలమది. మొదట వెతకాల్సింది అదే. ఊళ్ల పేర్లు ఇప్పటిలా ఉండవు కాబట్టి ఎనిమిదో తరగతికి కింద వాడకపోవడం మంచిది. పై తరగతుల్లో కూడా మొత్తం పటం ఇవ్వకుండా గోదావరి, కృష్ణల మధ్య భాగం మాత్రం పెద్దదిగా ప్రింట్ తీసి ఇవ్వండి.

అడగాల్సినవి మూడే: ఎవరు గీశారు, ఎవరి కోసం గీశారు, ఏం వదిలేశారు?

## ఏ పటమూ చెప్పనిది

ఆరు రకాల్లోనూ మనుషులు తక్కువ. 1945 తర్వాత ఓడర్, నైసె నదుల తూర్పు వైపు నుంచి జర్మన్లు లక్షల సంఖ్యలో వెళ్లిపోవాల్సి వచ్చింది. ల్వీవ్, విల్నియస్ వైపు నుంచి పోలిష్ కుటుంబాలు వచ్చి ఆ ఖాళీ ఊళ్లలో చేరాయి. బ్రెస్లావ్ అనే జర్మన్ నగరం వ్రొత్స్వాఫ్ అయింది. పటంలో రంగు మారుతుందంతే. మన 1947 కూడా ఇలాంటిదే. బ్రిటిష్ న్యాయవాది సిరిల్ రాడ్‌క్లిఫ్ జులైలో వచ్చి అయిదు వారాల్లో గీత గీశాడు. అది బయటకు ప్రకటించింది స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు, ఆగస్టు 17న. పంజాబ్, బెంగాల్‌లలో చాలామందికి తాము ఏ దేశంలో ఉన్నామో ఆ రెండు రోజులూ తెలియదు.

కాబట్టి ఏ మ్యాప్ ఎంచుకున్నా, దాని మీద బాణం గుర్తులతో జనం ఎటునుంచి ఎటు కదిలారో గీయించండి. పక్కనే అక్కడివాళ్ల మాట ఒక్కటైనా చదివి వినిపించండి. దీనికి ఖర్చేమీ లేదు, పది నిమిషాలు చాలు.

## మీ పరిస్థితికి ఏది

ప్రొజెక్టర్ లేని ప్రభుత్వ బడి, ఏడు నుంచి తొమ్మిది తరగతులు. ట్రేసింగ్ పేపర్, అట్లాసు జిరాక్సులు. సర్కారులతో మొదలుపెట్టి పోలండ్‌కు వెళ్లండి, తెలిసిన ఊళ్లతో పద్ధతి పట్టుబడుతుంది. రాయలసీమ పిల్లలైతే సర్కారుల బదులు దత్తమండలాలు తీసుకోండి. 1792, 1799లలో టిప్పు మీద గెలిచిన యుద్ధాల్లో నిజాంకు వాటాగా వచ్చిన నేలను, 1800లో అదే నిజాం సైన్యం ఖర్చుల కింద కంపెనీకి అప్పగించాడు. యుద్ధం, వాటా, సైన్యం ఖర్చు, అప్పగింత నాలుగు మెట్లలో చక్కగా కనిపిస్తాయి.

డిజిటల్ బోర్డు ఉన్న బడి. వీడియోకు తొందరపడకండి. అట్లాసు పటాలను ఒకే కొలతలో స్కాన్ చేసి వరుసగా చూపించండి, బోర్డు మీద పిల్లలతో గీయించండి, వీడియో చివర. నెట్ మీద ఆధారపడకుండా ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం మేలు.

ఒక్క పీరియడే ఉన్న టీచర్. రెండు పటాలు, ఒక ఊరు. 1921 పోలండ్, 1945 పోలండ్, మధ్యలో ల్వీవ్. అంతకంటే ఎక్కువ కుక్కితే ఏదీ నిలవదు.

ఇంట్లో పిల్లలకు చెప్పే తల్లిదండ్రులు. ఆన్‌లైన్ పటమే సుఖం, పిల్లవాడి చేతికే ఇవ్వండి. మీ ఊరు ఎవరెవరి పాలనలోకి వెళ్లిందో వెతకమనండి. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇందులో అదనపు లాభం ఉంది. అక్కడి బడిలో పిల్లలు యూరప్ యుద్ధాలు చదువుతారు. అదే బ్రిటన్, ఫ్రాన్స్ అప్పట్లో తాత ముత్తాతల ఊళ్ల దగ్గర ఏం చేస్తున్నాయో ఇంట్లో పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. 1758లో ఐరోపాలో ఏడేళ్ల యుద్ధం నడుస్తోంది, చందుర్తి పోరు అందులో భాగమే.

గ్రూప్స్, సివిల్స్‌కు చదివేవాళ్లు. మీకు సంవత్సరాలు, సంధులు, క్రమం ముఖ్యం. గోడ మ్యాప్ మీద స్టిక్కర్లు అంటించే పద్ధతి కంటే, ఒకే అవుట్‌లైన్ మ్యాప్ ప్రింట్లు పది తీసుకుని ఒక్కో సంధికి ఒక్కో కాగితం నింపడం మంచిది. కాగితం వెనక మూడు వాక్యాలు: ఎవరు ఓడారు, ఎవరు సంతకం పెట్టారు, ఎంత నేల చేతులు మారింది. మెయిన్స్‌లో యూరప్ ప్రశ్న వస్తే 1815, 1919, 1945 కాగితాలు మూడూ కళ్ల ముందు మెదలాలి. వాటిని చూడకుండా గీయగలిగే దాకా గీయండి.